చైన్ మిషన్ వేడెక్కితే గట్టు ఎక్కట్లేదు. పంపు విప్పాలంటున్నారు, నిజమేనా?

ఎడమకాలువ రైతు (జలుమూరు)
అందరికీ నమస్కారం. మాది వరి కోసే చైన్ హార్వెస్టర్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. కంపెనీ పేరు రాయట్లేదు, రాస్తే చర్చంతా దాని మీదికే పోతుంది. ఇంజన్ నుంచి బెల్టు మీద హెచ్‌ఎస్‌టీకి (పంపు ఆయిలుని ఒత్తిడితో తోస్తే మోటారు తిరిగి బండిని నడిపే హైడ్రాలిక్ భాగం), అక్కడి నుంచి గేర్‌బాక్సుకి, ఆపైన రెండు రబ్బరు ట్రాకులకి పవర్ వెళ్లే రకం.

పొద్దున బాగానే నడుస్తోంది. పదకొండు దాటాక లివరు మొత్తం ముందుకి తోసినా నత్తనడకే. ట్యాంకులో ధాన్యం ఉంటే గట్టు మీద సగం ఎక్కి ఆగిపోతోంది. వెనక్కి తీసి మళ్లీ తోస్తే ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి లేదు. నిన్న రాత్రి లారీ ర్యాంపు మీద సగంలో ఆగి కిందికి జారింది. డ్రైవరు కుర్రాడు హడలిపోయాడు. ఇంజన్ సౌండు మాత్రం తగ్గట్లేదు. కోత, నూర్పు కూడా ఎప్పటిలాగే ఉన్నాయి.

మెకానిక్ వచ్చి లివరు అటూ ఇటూ కదిపి, హెచ్‌ఎస్‌టీ పంపు అరిగిపోయింది, విప్పాలన్నాడు. కొత్తదైతే లక్ష దాటుతుందట. రిపేరు కిట్టు వేస్తే గ్యారంటీ లేదట. ఇక్కడ శ్రీకాకుళం సన్నాలు కోతకొచ్చేశాయి, 1061 రకం వరి కూడా వరసలో ఉంది, ఫోన్లు ఆగట్లేదు. విప్పే ముందు మనం చూసుకోగలిగేవి ఏమైనా ఉన్నాయా?

టెక్కలి టైరుమిషన్
పంపే బాబూ. వేడెక్కాక వీక్ అయిందంటే పంపే. మావోడి బండికీ ఇదే అయింది. లేటు చేస్తే మోటారు కూడా పోద్ది.

బొబ్బిలి స్పానర్
అంత బేగి తేల్చేయకండి. ఎడమకాలువ గారూ, ముందు వీటికి జవాబు చెప్పండి.

గట్టు మీద ఆగినప్పుడు ట్రాకు తిరుగుతూ బురదలో జారుతోందా, ట్రాకే ఆగిపోతోందా? రెండు వైపులా ఒకేలా ఉందా, ఒక పక్కకి లాగుతోందా? రివర్సులో కూడా ఇంతేనా? హెచ్‌ఎస్‌టీ ఇన్‌పుట్ పుల్లీ పక్కన చల్లదనానికి ఫ్యాను ఉంటుంది కొన్నిటికి, మీదానికి ఉందా? ఆఖరిసారి ఆయిలు ఎప్పుడు మార్చారు? ఆయిలుతో పాటు ఫిల్టరు మార్చారా లేదా?

చివరి ప్రశ్న మామూలుగా అందరూ దాటేస్తారు. మీరు దాటేయకండి.

ఎడమకాలువ రైతు (జలుమూరు)
ట్రాకే ఆగిపోతోంది అన్నా, జారడం లేదు. రివర్సులో కూడా అంతే. కొంచెం ఎడమకి లాగుతున్నట్టు ఉంటుంది గానీ అది ఈ మధ్య వచ్చింది కాదు. ఫ్యాను ఉంది. ఆయిలు సీజన్ ముందు మార్పించాను. ఫిల్టరు మార్చలేదు, డీజిల్‌తో కడిగి అదే వేశారు.

చీపురుపల్లి లేత్
ఫిల్టరు సంగతి తర్వాత. ఇంజన్ దగ్గర పుట్టిన పవర్ ట్రాకు దాకా ఏ దారిన వస్తోంది, ఆ దారిలో ఎక్కడ పోతోంది, ముందు అది తేలాలి. అది తేలకుండా పంపు విప్పడమంటే జ్వరం ఎందుకో చూడకుండా కడుపు కోయడమే.

లోడు పడగానే ఇంజన్ ఆర్‌పీఎం పడిపోతే తప్పు ఇంజన్ వైపు. డీజిల్ ఫిల్టరు, ఎయిర్ క్లీనరు, ఊకతో మూసుకుపోయిన రేడియేటరు జాలీ, ఇవి చూడాలి. మీకు ఇంజన్ దిగట్లేదు అంటున్నారు, కాబట్టి ఆ భాగం పక్కన పెట్టొచ్చు. కాకపోతే సౌండుని నమ్మకండి, మీటరు చూడండి. చిన్న తేడాలు చెవికి దొరకవు.

ఇంజన్ నిలబడి ట్రాకు ఆగిందంటే మధ్యలో ఏదో జారుతున్నట్టు. జారగలిగేవి మీ బండిలో మూడు. బెల్టు, హెచ్‌ఎస్‌టీ లోపలి ఆయిలు, గేర్‌బాక్సులో సైడ్ క్లచ్చి (బండి మలుపు తిప్పడానికి ఒక్కో ట్రాకుకి ఉండేది). రెండు వైపులా ఒకేసారి ఆగుతోంది అంటే సైడ్ క్లచ్చికి అవకాశం తక్కువ. ఇక మిగిలినవి బెల్టు, పంపు. బయటినుంచి చూస్తే రెండిటి లక్షణం ఒకటే, అందుకే చాలామంది పంపు మీద పడతారు. తేడా పట్టడానికి ఒక పని చేయండి.

ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకుని, ఇంజన్ పుల్లీ మీద ఒక తెల్ల పెయింటు గీత, హెచ్‌ఎస్‌టీ పుల్లీ మీద ఒక గీత వేయండి. ఒక మనిషి దూరంగా, బండి దారిలో కాకుండా పక్కన నిలబడి, రెండు పుల్లీలూ ఒకే ఫ్రేములో పడేలా ఫోనులో స్లోమోషన్ వీడియో తీయాలి. ముందు చదును మీద నడిపినప్పుడు తీయండి, తర్వాత గట్టు ఎక్కి ఆగిపోయేటప్పుడు. ఇంజన్ పుల్లీ పది చుట్లు తిరిగేసరికి అవతలిది ఎన్ని చుట్లు తిరిగిందో రెండు వీడియోల్లోనూ లెక్కపెట్టండి. నిష్పత్తి మారకపోతే బెల్టు బాగుంది, ఆయిలు లోపల జారుతోంది. మారితే బెల్టు. వీ-బెల్టుకి రెండు శాతం జారుడు మామూలే, దానికి కంగారు పడొద్దు.

ఆగిపోయిన చోట లివరు తోసిపట్టి ఉంచకండి. వీడియోకి ఐదు సెకన్లు చాలు. హెచ్‌ఎస్‌టీ అలా బిగిసినప్పుడు ఆయిలు రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునేది) మీదుగా తిరుగుతుంది, ఆ పవరంతా వేడిగా మారుతుంది. బాగున్న పంపుని కూడా అలాగే పాడు చేసుకుంటారు.

పాలకొండ రోడ్డు
ఇంత వీడియోలెందుకు? పాత పద్ధతి ఉంది. హెచ్‌ఎస్‌టీలో 90 గేరాయిలు కొంచెం కలిపేయండి, చిక్కబడి పట్టు వస్తుంది. సీజను గడిచిపోతుంది.

బొబ్బిలి స్పానర్
మాస్టారూ, ఈ సలహా మాత్రం ఎవరూ పాటించొద్దు. గేరాయిలు చిక్కగా ఉంటుంది, చార్జ్ పంపు (మెయిన్ పంపుకి ఆయిలు అందించే చిన్న పంపు) దాన్ని సక్షన్ ఫిల్టరు గుండా లాక్కోలేదు. తెల్లవారుజామున చలిలో అయితే అస్సలు లాగదు. లాగలేకపోతే ఆయిలులో బుడగలు పుడతాయి, పిస్టన్లు పొడిగా రాపిడి పడతాయి, కూత వస్తుంది. సీజను గడవచ్చు, పంపు గడవదు. మాన్యువల్లో ఏ గ్రేడు రాసుంటే అదే పోయాలి. రెండు రకాలు కలపకూడదు.

మా దగ్గరికి ఇలాంటివి విప్పడానికి వచ్చినప్పుడు ఆయిలు రంగు చూస్తేనే సగం కథ తెలుస్తుంది. పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి. నురగ ఉంటే సక్షన్ వైపు ఎక్కడో గాలి లాగుతోంది, హోస్ క్లాంపో, ఓ-రింగో. అడుగున బంగారు రంగు పొడి మెరిస్తే మాత్రం లోపల ఇత్తడి భాగాలు అరుగుతున్నాయి. అప్పుడు మెకానిక్ చెప్పింది నిజం.

గజపతినగరం నుంచి కెనడా
ఇక్కడ మాట్లాడొచ్చో లేదో గానీ, సమస్య చదువుతుంటే మా ఇంటి ముందు మంచు తోసే మిషనే గుర్తొచ్చింది. అది కూడా ట్రాకుల మీద నడిచేదే, చిన్నది, వెనక నడుస్తూ తోలుకోవాలి. పోయిన చలికాలం మంచుని విసిరే భాగం జోరుగా తిరుగుతోంది, మిషను మాత్రం వాలు ఎక్కట్లేదు. మీ కోత బాగుండి నడక తగ్గినట్టే. ఆ రెండిటికీ వేరువేరు బెల్టులు ఉంటాయి కాబట్టి ఇంజన్ని అనుమానించక్కర్లేదని అప్పుడే తెలిసింది.

ఇక్కడ రెండు రకాల మిషన్లు ఉంటాయి. ఒకదాంట్లో ఇనప పళ్లేనికి రబ్బరు అంచున్న చక్రం ఆనుకుని తిరుగుతుంది. ఆ పళ్లెం మీద గ్రీజు పడినా, రబ్బరు అరిగినా జారిపోతుంది, శుభ్రం చేసి రబ్బరు మారిస్తే సరి. రెండోది మీలాగే హెచ్‌ఎస్‌టీ. దానికి ఒక బైపాస్ లివరు ఉంటుంది, ఇంజన్ ఆపి చేత్తో తోసుకోవడానికి. అది పూర్తిగా మూయకపోతే ఆయిలు అడ్డదారిన వెళ్లిపోయి నడక చచ్చుబడుతుంది. మీ బండిలో అలాంటి వాల్వు ఏదైనా ఉందేమో, లాగించుకెళ్లినప్పుడు ఎవరైనా వదులు చేసి మర్చిపోయారేమో చూడండి.

ఒక తేడా చెప్పాలి. ఇక్కడ మైనస్ 25లో స్టార్ట్ చేస్తే మొదట్లోనే మందంగా నడుస్తుంది, వేడెక్కేకొద్దీ బాగుపడుతుంది. ఆయిలు చలికి చిక్కబడటం వల్ల. మీది తలకిందులు, వేడెక్కాక పడిపోతోంది. అంటే పలచబడ్డ ఆయిలు ఎక్కడో కారుతూ ఉండాలి, లేదా వేడితో మారే ఇంకో వస్తువు ఉండాలి.

టెక్కలి టైరుమిషన్
పలచబడ్డ ఆయిలు కారడమంటే అరిగిన పంపే కదా. నేనన్నదీ అదే.

చీపురుపల్లి లేత్
వేడితో మారే ఇంకో వస్తువు కూడా అన్నారు చూడు తమ్ముడూ. రబ్బరు బెల్టు అనేది ఒకటుంది.

కెనడా బాబు చెప్పిన బైపాస్ మాట మంచిది. కొన్ని మోడళ్లలో లివరు ఉండదు, బోల్టు లాంటిది ఉంటుంది. అది ఏదో తెలియకుండా ప్రతి బోల్టూ తిప్పకండి, పక్కనే రిలీఫ్ వాల్వు సెట్టింగు కూడా ఉంటుంది.

రైతుబిడ్డ (రణస్థలం)
మిషన్లోళ్లందరూ మిషన్ గురించే మాట్లాడుతున్నారు. మడి గురించి ఒక్కరూ అనట్లేదు. మినుములు, పెసలు చల్లుతాం కదా అని కోతకి రెండు మూడు రోజుల ముందు దాకా తడి ఉంచుతున్నారు. నిలబడి ఉన్న వరిలో విత్తనం చల్లాలంటే ఆ పదును కావాలి, నిజమే. కానీ అదే మడిలో బండి దించితే చైను మోకాలి లోతు దిగబడుతుంది. పైగా మొలక మీద చైను నడిచిన చోట మినుము లేవదు. మిషను కోత అనుకున్నప్పుడు నీళ్లు ముందే తీసేసి, విత్తనం కోత తర్వాత చల్లుకోవడం నయం. వంశధార ఎడమ కాలువ కింద పల్లపు మళ్లయితే మరీను.

ఎడమకాలువ రైతు (జలుమూరు)
నిజమే అన్నా, పోలాకి వైపు వెళ్లినప్పుడు అదే బాధ. కానీ ఇది పొడి గట్టు మీద కూడా ఆగుతోంది.

వీడియోలు తీశాం. పెట్టడం రావట్లేదు, లెక్క రాస్తున్నాను. చదును మీద ఇంజన్ పుల్లీ పది చుట్లు తిరిగితే హెచ్‌ఎస్‌టీది పన్నెండు. గట్టు మీద ఆగే ముందు పదికి ఎనిమిది. ఇంజన్ మీటరు దాదాపు 2600 మీదే నిలబడింది. బైపాస్ మూసే ఉంది.

ఇంకొకటి. గార్డు విప్పగానే కాలిన రబ్బరు వాసన. బెల్టు పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి.

చీపురుపల్లి లేత్
పన్నెండు నుంచి ఎనిమిదికి అంటే మూడో వంతు బెల్టు మీదే పోతోంది. లక్ష రూపాయల పంపు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

కానీ కొత్త బెల్టు తెచ్చి బిగించేస్తే కూడా సమస్య పోదు, అది ఎందుకు జారిందో చూడాలి. టెన్షన్ పుల్లీ ఉన్న చెయ్యి ఒకటి ఉంటుంది, స్ప్రింగు దాన్ని లాగుతూ ఉంటుంది. స్ప్రింగు విప్పేసి ఆ చేతిని వేలితో కదిపి చూడండి. హాయిగా ఊగాలి. బురద, తుప్పు పట్టి పిన్ను దగ్గర బిగుసుకుపోతే స్ప్రింగు ఎంత బలంగా ఉన్నా బెల్టుకి అందదు. అప్పుడు చాలామంది స్ప్రింగుని పొట్టి చేసి బిగిస్తారు, అది తప్పు.

రెండోది పుల్లీ గాడి. వీ-బెల్టు పని చేసేది పక్కలతో. అడుగు గాడికి తగలకూడదు. గాడి పక్కలు అరిగితే బెల్టు లోపలికి కూరుకుపోయి అడుగున ఆనుతుంది. అలా ఆనాక మీరు ఎంత టెన్షన్ పెట్టినా పట్టు రాదు, బేరింగులు మాత్రం పోతాయి. గుర్తు పట్టడం తేలిక. గాడి అడుగు తుప్పుగానో మురికిగానో ఉండాలి. మెరుస్తోందంటే బెల్టు అక్కడ రాసుకుంటున్నట్టే.

పాలకొండ రోడ్డు
గాడి అరిగితే మీరే లేత్ మీద సాపు చేసిపెట్టొచ్చు కదా.

చీపురుపల్లి లేత్
పని వదులుకుంటున్నానని కాదు గానీ వద్దంటాను. గాడి లోతుగా తీస్తే బెల్టు ఇంకా లోపల కూర్చుంటుంది, స్పీడు నిష్పత్తి మారిపోతుంది. పుల్లీ మార్చుకోవడమే మంచిది. రెండు మూడు బెల్టులు పక్కపక్కన నడిచే బండైతే అన్నీ ఒకే సెట్టు కొత్తవి వేయాలి. పాతదాని పక్కన కొత్తది వేస్తే లోడంతా బిగుతుగా ఉన్న కొత్తదాని మీదే పడుతుంది.

టెక్కలి టైరుమిషన్
సరే బెల్టే అనుకుందాం. మరి పొద్దున ఎలా బాగుంది? బెల్టుకి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉంటాయా ఏటి?

బొబ్బిలి స్పానర్
ఉంటాయి. పొద్దున చేను మీద మంచు తడి ఆరేదాకా కోత మొదలుపెట్టరు, బండి ఖాళీ ట్యాంకుతో మడి దాకా నడుస్తుంది అంతే. మధ్యాహ్నానికి ట్యాంకు నిండుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకైతే ఐదారు క్వింటాళ్ల ధాన్యం. దాంతో గట్టు ఎక్కాలి. అప్పటికే కొంచెం కొంచెం జారుతూ బెల్టు వేడెక్కి ఉంటుంది. జారి వేడెక్కిన బెల్టు పట్టు తగ్గుతుంది, వదులుని టెన్షన్ చెయ్యి లాక్కోవాలి, ఆ చెయ్యి బిగుసుకుపోతే వదులు అలాగే ఉండి ఇంకా జారుతుంది, ఇంకా వేడి. సాయంత్రం చల్లారాక మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. అందుకే చూసేవాళ్లు పంపు అనుకుంటారు.

ఎడమకాలువ రైతు (జలుమూరు)
చెయ్యి కదల్లేదు అన్నా! సుత్తితో మెల్లగా కొడితే గానీ ఊడి రాలేదు. పిన్ను అంతా తుప్పు, ఎండిన బురద. హెచ్‌ఎస్‌టీ పుల్లీ గాడి అడుగు మెరుస్తోంది, ఇంజన్ పుల్లీ బాగానే ఉంది. కొత్త పుల్లీ వారం పడుతుందన్నారు. రాజాం దగ్గర పాత బండి విడిభాగాలు అమ్మేచోట అదే మోడల్ పుల్లీ దొరికింది, గాడి బాగుంది. బెల్టు సెట్టు అసలుదే కొన్నాను, డూప్లికేటు సగం ధరకి ఇస్తానన్నా తీసుకోలేదు. పిన్ను గీకి, గ్రీజు పెట్టి, బుష్ మార్చి బిగించాం.

నిన్న మధ్యాహ్నం ట్యాంకు నిండాక అదే గట్టు మీద తోలాం. ఆగలేదు. రాత్రి ట్యాంకు ఖాళీ చేసి లారీ ఎక్కించాం, ర్యాంపు మీద డ్రైవరుకి భయం పోయింది. కానీ నూటికి నూరు కాలేదు. ఎండ బాగా ముదిరాక కొంచెం తగ్గుదల ఇంకా ఉంది. ఎడమకి లాగడం కూడా అలాగే ఉంది.

టెక్కలి టైరుమిషన్
మంచిదే బాబూ, లక్ష మిగిలింది. కానీ ఆ కొంచెం తగ్గుదల పంపుదే అని ఇప్పటికీ అంటాను.

బొబ్బిలి స్పానర్
కావచ్చు, కాకపోవచ్చు. ముందు ఆ కడిగిన ఫిల్టరు తీసి పారేయండి. కాగితం ఫిల్టరు కడిగితే దుమ్ము లోపలి పొరల్లోకి దిగిపోతుంది, కాగితం ఉబ్బుతుంది, లాగే దారి సన్నబడుతుంది. చార్జ్ పంపుకి సరిపడా ఆయిలు అందకపోతే మెయిన్ పంపు ఎంత బాగున్నా చచ్చుగా ఉంటుంది. పాతదాన్ని పారేసే ముందు కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. బంగారు రంగు మెరుపు ఉందా లేదా మాకు చెప్పండి. కొత్త ఆయిలు పోసేటప్పుడు మూత చుట్టూ గడ్డి, ఊక ఊది తుడిచాకే తెరవండి. నూర్పు దుమ్ము ఒక్క చెంచాడు లోపలికెళ్లినా పంపుకి చాలు.

ఎడమ లాగుడుకి ట్రాకు చూడండి. బండిని జాకీల మీద ఎత్తి, కింద గట్టి దిమ్మలు పెట్టి, రోలర్లు ఒక్కొక్కటీ చేత్తో తిప్పండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి.

ఎడమకాలువ రైతు (జలుమూరు)
ఎడమ వెనక రోలరు ఒకటి అస్సలు తిరగట్లేదు, సీలు పోయి బేరింగులో బురద పట్టింది. పైగా ఎడమ ట్రాకు కుడిదానికన్నా బాగా బిగుతుగా ఉంది. జారిపోకుండా ఉంటుందని డ్రైవరు బిగించాడట. రోలరు మార్చి, ట్రాకు వదులు మాన్యువల్ కొలతకి పెట్టాక లాగడం పోయింది.

ఫిల్టరు కోసి చూశాం. మెరుపు లేదు. ఊక దుమ్ము, నల్లటి జిగురు, అంతే. కొత్తది వేశాక ఎండలో తగ్గుదల ఇంకొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ప్రెషర్ గేజితో చూడొచ్చా? ఇక్కడ ఒకరి దగ్గర గేజి ఉంది, రేపే పెట్టి చూస్తానంటున్నాడు.

చీపురుపల్లి లేత్
రేపు వద్దు. ఎంత వరకు కొలిచే గేజి అది? చార్జ్ పోర్టుకి పెట్టే చిన్న గేజిని పొరపాటున మెయిన్ లైనుకి పెడితే పగిలి ముఖం మీదికొస్తుంది. మెయిన్ లైనులో వందల బార్ ప్రెషర్ ఉంటుంది. లీకు వెతకడానికి చెయ్యి పెట్టి తడమడం కూడా వద్దు, ఆ ప్రెషర్‌లో సన్నటి ఆయిలు ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఒకవేళ దూరితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

బండి ఇప్పుడు గట్టు ఎక్కుతోంది, ర్యాంపు ఎక్కుతోంది. కోతలు కానివ్వండి. మధ్యాహ్నం ఒక గంట ఆపి, ఆయిలు కూలరు మీద ఊక ఊదండి, ఎండ తగ్గుదలలో కొంత అక్కడే పోవచ్చు. సంక్రాంతి అయ్యాక తీరిగ్గా చార్జ్ ప్రెషర్ ఒకసారి చల్లగా ఉన్నప్పుడు, ఒకసారి గంట నడిపాక కొలిచి రెండు అంకెలూ ఇక్కడ రాయండి. చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్ అంకె వచ్చి, వేడిలో బాగా పడిపోతే అప్పుడు టెక్కలి తమ్ముడి మాట వినాలి.

టెక్కలి టైరుమిషన్
😀 రాసి పెట్టుకోండి మాస్టారూ.

ఎడమకాలువ రైతు (జలుమూరు)
సరే అన్నా. కూలరు ఈరోజే ఊదించాను, మూడొంతులు మూసుకుపోయి ఉంది. రేపు ఆమదాలవలస వైపు కోత. అంకెలు పండగ తర్వాత పెడతాను. ఆ చిన్న ఫిల్టరు ఇంకోటి స్పేరుగా కావాలి, విజయనగరంలో ఎవరికైనా దొరికితే చెప్పండి, శ్రీకాకుళంలో అయిపోయాయంటున్నారు.